విసిరాక కదలొద్దు

"ఇదేందన్నా, చూస్తే గిన్నెమూత లెక్కున్నది, పట్టుకుంటే గింత బరువున్నది?" అన్నాడు ఎల్లేశం, డిస్క్‌ను అరచేతిలో ఎగరేస్తూ.

"రెండు కిలోలు. మగోళ్లకు గంతే, ఆడోళ్లకు కిలో. ముందుగాల గట్ల ఎగరేసుడు బంద్ చెయ్యి. అది అప్పడం కాదు."

తీతు డిస్క్ తీసుకుని పాత తువాలుతో తుడిచాడు. చెక్క డిస్క్. చుట్టూ ఇనుప పట్టీ. వయసులో ఉన్నప్పుడు కంపెనీ తరఫున విసిరింది దానితోనే. ఇంట్లో బియ్యం డబ్బా మీద మూతగా పెట్టుకుంటానని భార్య సువార్తమ్మ ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు మళ్లీ చేతిలోకి వచ్చేసరికి వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి.

"చూడు. వేళ్ల కొసలు మాత్రమే అంచు మీదికి రావాలె. బొటనవేలు పక్కకు ఊకె ఆనుతది. పిడికిలి బిగించొద్దు."

"బిగించకుంటే జారిపోదా?"

"చెయ్యి తిరుగుతున్నంతసేపు జారదు. బకెట్ల నీళ్లు పోసి గిరగిర తిప్పినవా ఎన్నడన్న? నీళ్లు కింద పడతయా? గంతే."

ఎల్లేశం విసిరాడు. డిస్క్ చిటికెనవేలు వైపు నుంచి జారి, గాలిలో తాగినవాడిలా ఊగుతూ పోయి, దగ్గర్లోనే నేలకు కొట్టుకుంది. గోదావరిఖని క్వార్టర్ల వెనుక ఉన్న ఆ గ్రౌండులో గడ్డికి కూడా బొగ్గుపొడి పట్టి ఉంటుంది. డిస్క్ పడ్డచోట నల్లటి దుమ్ము లేచింది.

"చూపుడువేలు ఆఖరికి వదలాలె తమ్మీ. ఆఖరికి."

మొదటి షిఫ్టు అయిపోయాక రోజూ ఇదే తంతు. తీతుది ల్యాంప్ రూములో పని. గనిలోకి దిగేవాళ్లకు తలలైట్లు ఇవ్వడం, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం, ఛార్జింగుకు పెట్టడం. ఎల్లేశం దిగేవాళ్లలో ఒకడు. బదిలీ వర్కరు, అంటే పర్మినెంటు కానివాడు. కింద కప్పుకు కర్ర దుంగలు నిలబెట్టే టింబర్ ముఠాలో ఉన్నాడు. ముఠాలో అతని జోడీ రాజం వర్షాకాలంలో కప్పు కూలి చనిపోయాడు. ఆ రోజు పైకి వచ్చి ల్యాంప్ రూం కిటికీలో తన లైటు పెట్టి, ఇంకో లైటు కోసం వెనక్కి చూస్తూ నిలబడిపోయిన ఎల్లేశం మొహాన్ని తీతు మరిచిపోలేదు. అప్పుడే అడిగాడు, "డిస్క్ ఇసురుడు నేర్చుకుంటవా?" అని.

ఆటకు, బతుక్కి లంకె ఏమిటని ఊరివాళ్లు అడగవచ్చు గానీ, గని దగ్గర ఎవరూ అడగరు. ఏరియా జట్టుకు ఎంపికైనవాడిని ప్రాక్టీసు పేరుతో సీజనంతా పైనే ఏదో ఒక డ్యూటీలో ఉంచుతారు. ఒకసారి పైకి వచ్చినవాడు పై అధికారులకు అలవాటైపోతాడు. మళ్లీ దిగమని ఎవరూ అనరు. తీతు కూడా అలా వచ్చినవాడే. ఆ చెక్క డిస్కే అతన్ని చీకట్లోంచి లాగి ల్యాంప్ రూములో కూర్చోబెట్టింది. అందుకే దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టనివ్వలేదు.

ఎల్లేశానికి సందేహాల పుట్ట. చిన్నపిల్లలు నయం.

"ఊకె నిలవడి ఇసరద్దా? గిరగిర ఎందుకు తిరగాలె?"

"నిలవడి ఇసిరితే చేతి బలమే. తిరిగితే ఒళ్లంత బలం. నడుము ముందు రావాలె, చెయ్యి ఆఖరికి రావాలె. నువ్వు దుంగ మోసినట్టు భుజం ముందుకు తెస్తున్నవ్."

"గీత మీద పడితే?"

"ఫౌల్. గీతల లోపలనే పడాలె."

"సర్కిల్ అంచు తొక్కితే?"

"ఫౌల్. అంచుకు లోపటి పక్క కాలు తాకొచ్చు గాని మీద పెట్టొద్దు. ఇంకో మాట, అందరు మరిచేది ఇదే. ఇసిరినంక కదలొద్దు. డిస్క్ భూమి మీద పడేదాంక సర్కిల్లనే నిలవడాలె. పడ్డంక గూడ ముందటికెళ్లి రావొద్దు, వెనుక సగంల నుంచి నడుసుకుంట రావాలె."

"పడేదాంక చూసుకుంట నిలవడుడా?" ఎల్లేశం నవ్వాడు. "గదేం కష్టం?"

కష్టం ఏమిటో నాలుగు రోజులకు తెలిసింది.

*

ఆ సాయంత్రం గ్రౌండు అవతలి సగంలో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఎల్లేశం మొదటిసారి సరిగ్గా తిరిగాడు. ఎడమ పాదం మునివేళ్ల మీద ఒళ్లు తిరిగి, కుడికాలు సర్కిల్ నడిమికి వచ్చి, నడుము విరుచుకుని, చెయ్యి ఆఖరున కొరడాలా వచ్చింది. డిస్క్ ఊగకుండా, పళ్లెం తేలినట్టు తేలింది. తీతు నోటి నుంచి "స్తోత్రం" అని మాట వచ్చింది.

అప్పుడే అవతల రెఫరీ విజిల్ ఊదాడు.

డిస్క్ ఇంకా గాలిలోనే ఉంది. ఎల్లేశం సర్కిల్లో లేడు. పక్కకు దూకి, తల వంచి, చేతులు తల మీద పెట్టుకుని ఎక్కడికో ఉరికాడు. గ్రౌండు గోడ దగ్గర ఆగాడు.

తీతుకు నవ్వు వచ్చింది. దగ్గరికి వెళ్లి చూశాక పోయింది. ఎల్లేశం పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"కప్పు మాట్లాడితే సర్దార్ విజిల్ ఊదుతడు గదన్నా," అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ. "విజిల్ ఇనవడితే చేతిలున్నది ఆడనే ఇడిసి ఉరుకాలె. చూసుడు లేదు, ఆలోచించుడు లేదు. రాజం గొడ్డలి తీసుకుందామని వంగిండు. నేను ఉరికిన. గంతే తేడా."

బొగ్గు తీసేసిన ఖాళీ చోటు అంచున వాళ్ల పని. అక్కడ కప్పు ఎప్పుడో ఒకప్పుడు కూలడానికే ఉంటుంది. దుంగలు చిటపటమంటాయి, పైనుంచి పొడి రాలుతుంది, ముఠాను కనిపెట్టుకుని ఉండే సర్దార్ విజిల్ ఊదుతాడు. కింద పనిచేసే ప్రతివాడి కాళ్లకూ ఆ పాఠం వచ్చు. మెదడుకు చెప్పకుండా కాళ్లే ఉరుకుతాయి.

తీతుకు ఇది తెలియనిది కాదు. అయినా ఆ సాయంత్రం అతనికి కనిపించింది కాళ్లు కాదు, ఫౌల్ జెండా. పోటీల రోజు గ్రౌండు నిండా విజిళ్లే. పరుగుపందెం వాళ్లది ఒకటి, కబడ్డీ వాళ్లది ఒకటి. ఇలా ప్రతి విజిల్‌కూ ఉరికితే ఎంత దూరం విసిరి ఏం లాభం?

"గీ అలవాటు తీసెయ్యాలె తమ్మీ," అన్నాడు.

మర్నాడు జేబులో విజిల్ వేసుకుని వచ్చాడు. ఎల్లేశం విసరగానే వెనుక నిలబడి ఊదాడు. ఎల్లేశం దూకాడు. మళ్లీ. మళ్లీ దూకాడు. "నిలవడు!" అని అరుస్తూ ఊదాడు. నిలబడ్డాడు గానీ మోకాళ్లు వణికాయి, భుజాలు చెవుల దాకా ఎగిరాయి. విసరడం కంటే నిలబడడానికే ఎక్కువ చెమట పట్టింది.

ఎల్లేశం భార్య అనసూర్య అప్పుడప్పుడు, డ్యూటీ బట్టలు కూడా మార్చకుండా వచ్చే మొగుడి కోసం టిఫిన్ డబ్బాతో గ్రౌండుకు వచ్చేది. సర్కిల్ పక్కన కూర్చుని చూసేది. దూరంగా పడ్డ డిస్క్ తెచ్చి ఇచ్చేది. ఒకరోజు తీతు దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"విజిల్ నాకియ్యన్నా. నువ్వు గ్రౌండ్ల గంటసేపు ఊదితే ఏమొస్తది? ఇంట్ల నేనూదుత."

"ఇంట్లనా?"

"అన్నం తినేటప్పుడు, తానం చేసేటప్పుడు. పండుకున్నప్పుడు గూడ. ఎట్ల కదులుతడో నేను చూస్త." ఆమె నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. "ఈయన పైకొస్తడంటే క్వార్టర్లన్ని లేశేటట్టు ఊదుత."

అన్నంత పనీ చేసింది. ఎల్లేశం మొదట్లో కంచం తన్నేసేవాడట, మంచం మీంచి దూకేవాడట. పక్క క్వార్టరు వాళ్లు తిట్టారట. ఇవన్నీ చెప్పి ఇద్దరూ గ్రౌండులో పగలబడి నవ్వేవాళ్లు. రాజం పోయాక ఎల్లేశం అలా నవ్వడం తీతు చూడలేదు. కొన్నాళ్లకు మోకాళ్ల వణుకు పోయింది. తర్వాత భుజాలు ఎగరడం ఆగింది. ఆఖరికి తీతు చెవి పక్కనే ఊదినా ఎల్లేశం రెప్ప కదపకుండా, రెండు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడి, డిస్క్ పడేచోటే చూసేవాడు.

"శభాష్!" అని తీతు అతని వీపు చరిచాడు. జీవితంలో తను చేసిన మంచిపని ఇదొక్కటే అనిపించింది. ఆదివారం చర్చిలో ఆ మాట ప్రార్థనలో కూడా చెప్పుకున్నాడు.

*

సకల జనుల సమ్మె వల్ల ఆ ఏడు పోటీలు ఆలస్యంగా, చలికాలంలో పెట్టారు. షామియానాలు, మైకు, మూలన టీ డ్రమ్ము. డిస్క్ విసరడానికి వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో జైపాల్ ఒకడు. స్టోర్స్‌లో ఉద్యోగం, నాయకుల వెంట తిరుగుడు. తీరిక బాగా ఉన్న మనిషి, కండలు కూడా బాగానే ఉన్నాయి. పోయినేడు గెలిచింది అతనే.

జైపాల్ బాగానే విసిరాడు. విసిరాక తూలి అంచు మీద కాలు వేశాడు. తీతు పక్క నుంచి స్పష్టంగా చూశాడు. సర్కిల్ దగ్గరి మనిషి విసురు చెల్లిందని తెల్లజెండా ఎత్తాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, పోనీలే అనుకున్నాడు తీతు.

ఎల్లేశం మొదటి విసురు గీత అవతల పడింది. రెండోది జైపాల్ గుర్తు దగ్గర పడింది. మూడోదానికి చేతికి మట్టి రాసుకుని, డిస్క్‌ను లాగుకు తుడుచుకుని, వీపు చూపిస్తూ సర్కిల్లో నిలబడ్డాడు. అనసూర్య తాడు అవతల కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

తిరిగాడు. డిస్క్ వేలి కొస నుంచి చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

పరుగుపందెం మొదలుపెడుతూ ఎవరో గట్టిగా విజిల్ ఊదారు. ఎల్లేశం కదల్లేదు. ఊపిరి కూడా తీసినట్టు లేదు. డిస్క్ జైపాల్ గుర్తు దాటి, ఇంకా దాటి, దుమ్ము లేపింది. అప్పుడు మెల్లగా వెనక్కి తిరిగి, వెనుక సగంలోంచి నడిచి బయటికి వచ్చాడు. తెల్లజెండా లేచింది. తీతు ఏడ్చాడు. ముసలివాడు ఏడుస్తున్నాడని ఎవరో నవ్వినా పట్టించుకోలేదు.

మధ్యాహ్నం మైకులో ఏరియా జట్టు పేర్లు చదివారు. డిస్క్ దగ్గర జైపాల్ పేరు వచ్చింది.

తీతు ఆటల సెక్రటరీ కుర్చీ దగ్గరికి పోయాడు. ఆయన టీ తాగుతున్నాడు.

"మా పిలగాడు ఎక్కువ దూరమేసిండు సార్."

"వేసిండు. ఎవరు కాదన్నరు? కప్పు గూడ ఇస్తం. కాని వాడు బదిలీ. జట్టుల పర్మినెంటోళ్లే ఉండాలె."

"గీ రూల్ ఎప్పటిది సార్? పేరిచ్చినప్పుడు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలే, నేను చెప్పలే." సెక్రటరీ గ్లాసు కింద పెట్టాడు. "అయినా తీతూ, నీకెందుకయ్యా? నువ్వేమన్న దిగుతున్నవా?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అంటే ఏమిటో తీతుకు ఆ కుర్చీ ముందు తెలిసింది. పట్టు, తిరుగుడు, అంచు, గీత అన్నీ నేర్పాడు. సర్కిల్ బయట కూడా ఒక రూలు ఉంటుందని, అదే అన్నిటికంటే పెద్దదని తనకే తెలియదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. తన కాలంలో ఎవరూ అడగలేదు మరి.

ఎల్లేశం స్టీలు కప్పు చంకలో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"నేనేమన్న ఫౌల్ చేసిన్నా అన్నా?"

"లేదు తమ్మీ. నువ్వేం ఫౌల్ చెయ్యలే."

"మరి?"

అనసూర్య కప్పు తీసుకుని కొంగుతో తుడిచింది. ముగ్గురూ నడిచి క్వార్టర్లకు వచ్చారు. మర్నాడు ఎల్లేశం ల్యాంప్ రూం కిటికీ దగ్గర చెయ్యి చాపాడు. తీతు లైటు ఇచ్చాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మనిషి ఆ రోజు ఏమీ అడగకుండా దిగాడు.

*

వారం తిరగకముందే జరిగింది. షిఫ్టు మధ్యలోనే కొందరు పైకి వస్తున్నారంటే తీతు చేతిలోని పని వదిలి కిటికీలోంచి తొంగి చూశాడు. ముందు స్ట్రెచర్ పోయింది. అంబులెన్సు దవాఖాన వైపు తిరిగాక, టింబర్ ముఠాలోని బిక్షం కిటికీ దగ్గరికి వచ్చాడు. రాజం పోయాక ఎల్లేశానికి జోడీ అయిన మనిషి. లైటు విప్పుకోలేకపోతుంటే తీతే బయటికి వచ్చి బెల్టు విప్పాడు.

"బతుకుతడు," అన్నాడు బిక్షం. "కాలుంటదో లేదో."

"విజిల్ ఊదలేదా?"

"ఊదిండు. మేమంత ఉరికినం. ఎల్లేశం అప్పుడే భుజం మీది దుంగ కిందికి ఇసిరిండు. ఇసిరి నిలవడ్డడు." బిక్షం నుదుటి మీది మసి తుడుచుకున్నాడు. "విజిల్ ఇనలేదని కాదు తీతన్నా. ఇన్నడు. నేను చూసిన. ఇని, కాళ్లు రెండు పాతుకొని, ముందటికి చూసుకుంట నిలవడ్డడు. ఏమో పడేదుంది, అది చూడాలె అన్నట్టు. నేను ఒర్రిన. గప్పుడు కదిలిండు. గప్పటికే బండ వచ్చింది."

తీతు ఆ లైటును ఛార్జింగు చట్రంలో పెట్టబోయి తప్పు గడిలో పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు. అదీ తప్పే. బిక్షం వెళ్లిపోయాక నేల మీద కూర్చున్నాడు. రాజం పోయిన రోజు ఎల్లేశాన్ని బతికించినవి ఆ కాళ్లే. వాటికి తెలిసిన ఒక్క మంచి సంగతిని తను చెమటోడ్చి, ప్రేమతో, వీపు చరిచి మరీ మరిపించాడు. పగవాడు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యడు.

దవాఖానలో కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. తీతు వెళ్లినప్పుడల్లా ఎల్లేశం ఒకటే మాట అనేవాడు.

"నా దిమాకే పనిచెయ్యలేదన్నా. రాజం వంగిండని నేను తిట్టుకున్న. నేను వంగను గూడ వంగలే. ఊకె నిలవడ్డ. బుద్ధిలేనోని లెక్క."

ప్రతిసారీ తీతు చెప్పాలనుకునేవాడు. నీ తప్పు కాదురా, నేను నేర్పిందే నువ్వు చేశావురా అని. మంచం పక్కన అనసూర్య ఉండేది. తను చెబితే ఆమె చేతిలో పెట్టిన విజిల్ సంగతి కూడా చెప్పినట్టే. ఆ పిల్ల తట్టుకోగలదా? ఇలా అనుకుని పండ్లు అక్కడ పెట్టి వచ్చేసేవాడు. అది ఆమె మీద జాలో, తన మీద తనకున్న భయమో అతనికే తెలియలేదు.

*

వేసవి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. మెడికల్ బోర్డు కింది పనికి పనికిరాడని రాసింది. పైన డ్యూటీ ఇచ్చారు. ఈసారి బదిలీవాడా, పర్మినెంటా అని ఎవరూ అడగలేదు. ఖాళీ ఉంది కాబట్టి ల్యాంప్ రూములోనే వేశారు.

మొదటి రోజు అనసూర్య వెంట వచ్చింది. ఎల్లేశం చంక కర్ర గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చుని, లైట్లను చూస్తున్నాడు. ఆమె తీతును చెట్టు నీడలోకి పిలిచి టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది.

"కోడికూర వండిన. వదినకు గూడ తీస్కపో. ఎట్లయితేంది, పైకొచ్చిండన్నా."

డబ్బా వేడిగా ఉంది. తీతు దాన్ని పట్టుకోలేకపోయాడు. సిమెంటు దిమ్మె మీద పెట్టాడు.

"చెల్లే, నీకొక మాట చెప్పాలె. ఎన్నాళ్లసంది చెప్పాల్ననుకుంటున్న. గా దినం కింద ఆయన ఎందుకు నిలవడ్డడంటే..."

"నాకెరుకే," అంది అనసూర్య.

తీతు ఆమె మొహంలోకి చూశాడు.

"బిక్షన్న దవాఖానల చెప్పంగనే ఎరుకైంది. నువ్వు గ్రౌండ్ల గంటసేపు ఊదినవ్. నేను రాత్రి పగలు ఊదిన. నిద్రపోయేటోని చెవుల ఊదిన. కదలకుంటే ముద్దు వెట్టుకున్న." ఆమె ఏడవలేదు. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టుంది. "నువ్వు వచ్చి పండ్లు వెట్టి పోతుంటివి. నీకు గూడ ఎరుకేనని నాకు సమజైతనే ఉండె."

"ఆయన తప్పు తనదే అనుకుంటున్నడు చెల్లే. బుద్ధిలేనోన్ని అని తిట్టుకుంటున్నడు. నాతోని అయితలేదు. చెప్పేస్త. నన్ను తిట్టనీ, కొట్టనీ."

"చెప్పకు."

"అన్యాయం గాదా?"

"అన్యాయమే." ఆమె లోపలికి చూసింది. ఎల్లేశం ఒక లైటును ఒళ్లో పెట్టుకుని తీగ చుట్టడానికి తంటాలు పడుతున్నాడు. "తప్పు తనదనుకుంటే తనను తిట్టుకుంటడు, మనిద్దర్ని నమ్ముకొని ఉంటడు. మనదని తెలిస్తే ఇగ ఎవర్ని నమ్ముకొని బతుకుతడన్నా? నీకు చెప్పుకుంటే బరువు దిగుతది. ఆయనకేం దిగుతది? నేను మోస్తలేనా? నువ్వు గూడ మొయ్యి."

ఆ మాట చెప్పి, డబ్బా తీసి మళ్లీ అతని చేతుల్లో పెట్టి, మూత గట్టిగా ఉందో లేదో నొక్కి చూసి, అనసూర్య గేటు వైపు నడిచింది. తీతు డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు.

రెండో షిఫ్టు వాళ్లు వచ్చే వేళైంది. తీతు ఎల్లేశం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, లైటు ఎలా తుడవాలో, తీగ మెలిపడకుండా ఎలా చుట్టాలో, బ్యాటరీని చట్రంలో ఏ వైపుగా తొయ్యాలో చూపించాడు. ఎల్లేశం ఒకసారి చూసి, తను చేసి చూపించాడు. వేలి కొసంత కూడా తప్పు లేదు.

"మంచిగ వట్టినవ్," అన్నాడు తీతు.

"నువ్వు ఒక్కసారి నేర్పితే చాలన్నా," అన్నాడు ఎల్లేశం. చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వాడు. "ఇగ మరువ."

కిటికీ దగ్గర మొదటి చెయ్యి చాపుకుని ఉంది. తీతు లైటు తీసి ఇచ్చాడు.